బెల్టు మార్చిన చేతులు

తెల్లవారుజామున కారు స్టార్ట్ చేయగానే బోనెట్ కిందనుంచి కీచుమని మోత. ఆ మోతకి పై కిటికీ తెరుచుకుంది. "ఏం చేశావే బండిని?" అన్నాడు భర్త. పాలు విరిగినా, కుళాయి కారినా, పిల్లకి జ్వరం తగిలినా ఆ ఇంట్లో మొదటి మాట అదే.

ఆమెది ఆస్పత్రి ల్యాబ్‌లో రక్తం తీసే ఉద్యోగం. పొద్దు పొడవకముందే అక్కడుండాలి. ఆ వేళకి బస్సులు తిరగవు. కారు లేకపోతే ఉద్యోగం లేనట్టే.

డ్యూటీ దిగి నేరుగా షోరూమ్‌కి తీసుకెళ్ళింది. ఇస్త్రీ చొక్కా అబ్బాయి బోనెట్ ఎత్తి చూసి, "బెల్టు పోయింది, హోస్ పైపు కూడా మార్చాలి. సార్ నంబరివ్వండి మేడమ్, ఆయనకి వివరంగా చెప్తా" అన్నాడు.

"రోజూ నడిపేది నేనే బాబూ. నాకు చెప్పు."

"పర్లేదు మేడమ్, సార్‌కైతే తొందరగా అర్థమవుతుంది."

ఆ సారుకి బోనెట్ ఎక్కడ పట్టుకుని ఎత్తాలో కూడా తెలియదు! అయినా ఆమె పక్కన నిలబడి ఉండగానే ఆమె కారు గురించి మగవాళ్ళిద్దరూ ఫోన్‌లో మాట్లాడుకున్నారు.

సాయంత్రం తీర్పు వచ్చేసింది. "వాళ్ళడిగింది వింటే కళ్ళు తిరిగాయి. అంత పోసి ఆ ఉద్యోగం దేనికి? బండి అమ్మేద్దాం. హాయిగా ఇంట్లో ఉండు."

"వాడన్నది నిజమే కదమ్మా" అంది అత్తగారు. "ఇంట్లో మాత్రం పని తక్కువుందా?"

హాయిట, హాయి! ఆమెకి ఒళ్ళు మండిపోయింది. అంట్లు తోముతూ ఆలోచించింది. వాషింగ్ మెషీన్ బెల్టు తెగితే వెనక రేకు విప్పి కొత్తది వేసిందెవరు? మిక్సీ విప్పి బాగుచేసిందెవరు? అప్పుడు ఎవరూ ఆమెని మెకానిక్ అనలేదు, ఇంటి పనే అన్నారు. మరి కారు బోనెట్ దగ్గరికొచ్చేసరికి అది సార్‌కి మాత్రమే అర్థమయ్యే శాస్త్రం ఎలా అయింది? అసలు ఈ కారులో ఆమె బతుకంతా ఇంతే. ఆడపడుచు ఇంటికి వెళ్ళిన ప్రతిసారీ, నడుము నొప్పని ఆయన పక్క సీట్లో గురక పెడతాడు, దారంతా ఆమే నడుపుతుంది. తీరా వాళ్ళ వీధి మలుపు రాగానే "ఆపు, ఇక నేను తీసుకుంటా" అంటాడు. ఇద్దరూ దిగి సీట్లు మార్చుకుంటారు. గేటు దగ్గర ఆడపడుచు మంచినీళ్ళ గ్లాసుతో ఎదురొచ్చి, "అంతదూరం నడుపుకొచ్చావు, అలిసిపోయుంటావురా తమ్ముడూ" అంటుంది. ఆయన నిజంగానే అలిసిపోయినట్టు తాగుతాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళి తనే ముంచుకుంటుంది. ఇన్నేళ్ళు నోరు మూసుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

సెలవురోజు పొద్దున స్పేర్ పార్టుల దుకాణంలో కొన్న సామాన్ల సంచీ తెచ్చి కారు పక్కన పెట్టింది. ఇంజన్ పూర్తిగా చల్లారిందని చూసుకుని, పాత బెల్టు ఏ చక్రం మీదుగా ఎలా తిరిగిందో ఫోన్‌లో ఫొటో తీసుకుంది. కింద బేసిన్ పెట్టి, ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ దించింది. నరం కోసం వెతికినట్టు పాత పైపుని వేలితో నొక్కింది. బూరెలా మెత్తబడిపోయింది. క్లిప్పు వదులు చేసి పీకి, కొత్తది తొడిగి బిగించింది. పానాతో బిగువు తగ్గించి బెల్టు మార్చింది. కొత్త కూలెంట్ పోసి స్టార్ట్ చేసింది.

కీచు!

"నేను చెప్పలా?" భర్త గడపలోంచే అన్నాడు. "ఉన్నదీ చెడగొట్టావు. ఇక వాళ్ళని బతిమాలాలి."

చెవులు వేడెక్కాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి కూడా. కానీ వదల్లేదు. ఇంజన్ ఆపి, టార్చి వేసి ఒక్కో చక్రమూ చూసుకుంటూ వచ్చింది. కింది చక్రం మీద బెల్టు ఒక గాడి పక్కకి కూర్చుంది. అంతే! మళ్ళీ వదులు చేసి, సర్ది, తాళం తిప్పింది. ఇంజన్ బుద్ధిగా తిరిగింది. కాసేపు అలాగే తిరగనిచ్చి చూసింది. ఎక్కడా చుక్క కారలేదు.

"ఏదోలే, కుదిరింది" అన్నాడాయన. భోజనాలయ్యాక ఫోన్‌లో అక్కతో అదే నోటితో, "షోరూమ్ ఎందుకక్కా, మేమే మార్చేసుకున్నాం. ఇప్పుడే బయల్దేరుతున్నాం" అన్నాడు.

మేమే! ఆమె లేచింది. తాళాలు తీసుకుంది.

దారి పొడవునా ఆయన నిద్రపోయాడు. ఆడపడుచు వీధి మలుపు రాగానే అలవాటుగా కళ్ళు తెరిచి, "ఆపు" అన్నాడు.

ఆమె గేరు మార్చింది.

"ఏయ్, ఆపమంటుంటే! అక్క గుమ్మంలోనే ఉంటుంది."

"ఉండనివ్వండి."

కారు తిన్నగా గేటు ముందు ఆగింది. ఆడపడుచు గ్లాసుతో ఎప్పటిలాగే డ్రైవర్ వైపు తలుపు దగ్గరికే వచ్చింది. తలుపు తెరుచుకుని మరదలు దిగేసరికి తెల్లబోయింది. ఆమె గోళ్ళలో గ్రీజు నలుపు ఇంకా అలాగే ఉంది. ఆ చెయ్యే చాపింది.

"ఇలా ఇవ్వండి వదినా. నడిపింది నేను. ఇన్నేళ్ళూ నేనే."