పచ్చ సంతకం

నేను ఒక కలాన్ని. పాళీ ఉన్న పాతకాలపు కలాన్ని. రాజమండ్రిలో ఒక పనివాడు నన్ను మర మీద చెక్కి, పాళీ బిగించి, చెవి దగ్గరగా పెట్టుకుని కాగితం మీద గీసి చూశాడు. గీస్తే చప్పుడు రాకూడదట. ఆ వేళే నన్ను కొన్న తెలుగు మాస్టారు, మొదటిసారి శాసనసభకు గెలిచిన తన శిష్యుడు కముజు భూషణరావుగారి జేబులో పెట్టారు. “నీ సంతకాన్ని నమ్ముకుని జనం ఆఫీసులకెళ్తార్రా, జాగ్రత్త” అన్నారు.

ఆ మొదటి అయిదేళ్లు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పొంగుతుంది. తెల్లారేసరికి వసారా నిండా జనం. ఆయన కాఫీ చల్లారిపోయేది గానీ నేను ఆగేదాన్ని కాదు. పచ్చ సిరాతో గొట్టపు బావికో ఉత్తరం, ఆసుపత్రిలో మంచానికో ఉత్తరం. ఆయన వేళ్లకు సిరా మరక లేకుండా అన్నం తిన్న రోజు లేదు.

మూడోసారి గెలిచేసరికి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. కాదంటే ఓటు పోతుంది, అవునంటే పని చెయ్యాలి. అప్పుడు పీయే ఒక ఉపాయం చెప్పాడు. పచ్చ సంతకమైతే పని చెయ్యాలి, నల్ల సంతకమైతే పక్కన పడెయ్యాలి. ఆఫీసర్లకు ఫోనులో చెప్పేశారు. రెండు ఉత్తరాల్లోనూ మాటలొకటే, ఇచ్చేటప్పుడు నవ్వూ ఒకటే. నల్ల పెన్ను ఒకటి వచ్చి జేబులో నా పక్కన చేరింది. ఏడాది తిరిగేసరికి నాకు పనే తగ్గిపోయింది. నల్ల సంతకానికి దండం పెట్టి వెళ్లేవాళ్లను చూస్తే నాకే సిగ్గేసేది.

ఆ రోజుల్లోనే గోదావరి మధ్య లంక నుంచి నూకరత్నం వచ్చింది. ఆ ఊళ్లో అయిదో తరగతి దాటితే చదువు లేదు. పైచదువుకు పిల్లలు పడవెక్కాలి, వరదొస్తే మానెయ్యాలి. ఆమె కూతురు అప్పటికే ఏడో తరగతిలో మానేసింది.

“మా లంకకి హైస్కూలు రాయించండి బాబుగారూ. పిల్ల ఇంట్లో కూచుని ఏడుస్తందండి.”

రేవులో పడవలు నడిపే హక్కు వేలంపాటలో పాడుకున్న పెద్దమనిషి భూషణరావుగారికి కుడిభుజం. బడి వస్తే పడవెక్కేవాళ్లు తగ్గుతారు. కాబట్టి ఇది నల్ల ఉత్తరమే అనుకున్నాను. కానీ ఆయన ఫోనులో ఎవరినో కేకలేస్తూ, చూడకుండా నన్ను లాగి సంతకం పెట్టేశారు. బడి మంజూరైందని కబురు వచ్చేదాకా ఆయనకు తెలియనే లేదు. రేవు పెద్దమనిషి అలిగి అవతలి పక్షంలో చేరాడు. ఆ తర్వాతి ఎన్నికల్లో భూషణరావుగారు ఓడిపోయారు.

గెలిచినవాడి వెంట పీయే వెళ్లిపోయాడు. వసారా బోసిపోయింది.

నాలుగేళ్ల తర్వాత నూకరత్నం మళ్లీ వచ్చింది, పదో తరగతి పాసైన కూతుర్నీ, సంచెడు జామకాయల్నీ తీసుకుని. పిల్ల ఆయన కాళ్లకు దండం పెట్టింది. ఆ దండాన్ని ఊరికే జేబులో వేసుకోవచ్చు. ఇన్నేళ్లుగా అలాంటివి ఎన్ని వేసుకోలేదు! ఎందుకో ఆ రోజు ఆయనకు మనసొప్పలేదు.

“అది నేను కావాలని పెట్టిన సంతకం కాదు నూకరత్నం. పెన్ను మారిపోయింది, అంతే” అన్నారు.

“తెల్సండి. పచ్చా నల్లా సంగతి మా లంకలో అందరికీ తెల్సండి. పొరపాటైతే ఏవుంది, పిల్ల చదువుకుంది.” తర్వాత మెల్లగా అడిగింది. “అంతకుముందు మా ఆయన్ని పెద్దాసుపత్రిలో చేర్చుకోమని నల్ల సంతకం పెట్టిచ్చారండి. వరండాలోనే పోయాడు. అది మాత్రం తెలిసే పెట్టారు కదండీ?”

కోపంగా అడగలేదు. అందుకే ఆయన తట్టుకోలేకపోయారు.

“ఆయన పేరేంటమ్మా?”

“ధనరాజండి.”

వాళ్లు వెళ్లిపోయాక నన్ను తీసి, తెల్ల కాగితం మీద ఆ పేరు రాశారు. అలవాటు కొద్దీ కింద సంతకం పెట్టబోయి ఆగిపోయారు. నాకు మూత పెట్టేశారు.