కాలు ఆనితే ఒకటి

సూది ఎర్రగీతకు చాలా కింద నిలకడగా ఉంది. అయినా అతను గాజు మీద వేలితో రెండుసార్లు తట్టి చూశాడు. సూది కదలలేదు. కదలనందుకు కాస్త ఊరట, అసలు పనిచేస్తోందా ఇరుక్కుపోయిందా అని కాస్త బెంగ. ఆసుపత్రి దుప్పట్లు ఉడికించే ఈ బాయిలరు దగ్గర ఇన్నేళ్ళుగా అతను పడుతున్న బెంగ ఇదే. లాండ్రీలో అందరూ అతన్ని మీటరు అంటారు. ఆ పేరు పెట్టినవాడెవడో గాని కళ్ళున్నవాడు.

మనిషి సన్నగా, ఎవరో పిలిచినట్టు కాస్త ముందుకు వంగి ఉంటాడు. ఆవిరికి ముంజేతుల మీద వెంట్రుకలు మొలవడం మానేశాయి. తలుపుకు తాళం వేసి నాలుగడుగులు వెళ్ళి, వెనక్కి వచ్చి లాగి చూసుకుంటాడు. పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా ఇంకోసారి ఆలోచించి చెబుతాననేవాడు. ఆలోచన ఇంకా తెగలేదు, జుట్టు మాత్రం తెల్లబడింది. అక్కా బావల ఇంట్లోనే వెనకగదిలో ఉంటాడు.

ఇవాళ అతని మనసు ఈ సూది మీద లేదు. ఇంట్లో ఇంకో సూది ఉంది, బావ మంచం పక్కన ఆక్సిజన్ సిలిండరుకు. పొద్దున్న బయల్దేరుతుంటే అక్క గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించి చెప్పింది.

"డాక్టరు నిన్న నన్ను పక్కకి పిలిచార్రా. దగ్గర మనుషులు ఉంటే మంచిదన్నారు. ఆ బండేదో ఇవాళ స్టార్ట్ చేసెయ్యి. రేపు అనకు."

రేపు అనకు అన్న మాట పొద్దుట్నుంచీ చెవిలో పురుగులా తిరుగుతూనే ఉంది.

అది బావ వయసులో ఉండగా పోటీలకు తోలిన ట్రయల్స్ బండి. ఆ పోటీల్లో వేగంతో పనిలేదు. బండరాళ్ళ మీదా బురదలోనూ మనిషి నడక కన్నా నెమ్మదిగా పోవాలి, కాలు మాత్రం నేలకు ఆనకూడదు. ఆనితే ఒక మార్కు పోయినట్టు. పక్కన నిలబడ్డ పరిశీలకుడు మొహంలో ఏ భావమూ లేకుండా వేలెత్తి చూపిస్తాడు. నిలబడే తోలాలి కాబట్టి సీటు పేరుకే, అరచెయ్యంత ఉంటుంది. పెట్రోలు డబ్బా, పానాల సంచీ మోసుకుంటూ మీటరు ప్రతి పోటీకీ బావ వెనకే వెళ్ళాడు గాని, ఒక్కనాడూ దాన్ని ఎక్కలేదు.

"ఎక్కరా, కరవదు," అనేవాడు బావ.

"బ్రేకు ఒక్కసారి చూసి ఎక్కుతా బావా," అనేవాడు ఇతను. ఆ బ్రేకు చూడడం ఎప్పటికీ అయ్యేది కాదు.

మోకాలు దెబ్బతిన్నాక బావ దాన్ని పెరట్లో టార్పాలిన్ కింద పడేసి మళ్ళీ దాని మొహం చూడలేదు. ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయని తేలిన వారంలోనే మీటరు టార్పాలిన్ లాగేశాడు. డాక్టర్లు చేసేది డాక్టర్లు చేస్తారు, తన చేతనైంది ఇదొక్కటే అనుకున్నాడు. సైలెన్సరులో ఎలుకలు కాపురం పెట్టాయి. పిస్టను పట్టేసి ఉంది. డ్యూటీ దిగి వచ్చి రోజూ కాస్త కాస్త విప్పాడు, తోమాడు, దొరకని భాగాల కోసం పాత సామాన్ల కొట్లన్నీ జల్లెడ పట్టాడు. అల్యూమినియం ట్యాంకును చెయ్యి నొప్పెట్టేదాకా రుద్దితే, అందులో అతని మొహం వంకరగా కనబడింది.

నిజానికి బండి ఎప్పుడో పూర్తయింది. అయినా రోజుకో వంక పెట్టి కార్బురేటరు విప్పుతున్నాడు, బిగిస్తున్నాడు. చాదస్తమని అక్క విసుక్కుంటుంది. అసలు భయం అతను ఎవరికీ చెప్పలేదు. అది పెట్రోలులో నూనె కలిపి పొయ్యాల్సిన ఇంజను. స్టార్ట్ కాగానే నీలం పొగ కమ్ముకుంటుంది. మొన్న పక్కింట్లో దోమల చుట్ట వెలిగిస్తేనే బావకు ఊపిరి ఆగినంత పనైంది. ఒక్కసారి దాని గొంతు వినాలనుందిరా అని బావ అడిగాడు. ఆ గొంతు వినిపించబోయి తన చేతులతోనే బావను చంపుకుంటే? స్టార్ట్ చేస్తే ఒక భయం, చెయ్యకపోతే ఇంకో భయం.

డ్యూటీ అప్పజెప్పి ఇంటికి రాగానే, చెప్పులు విడవకుండానే సిలిండరు దగ్గరికి వెళ్ళి గాజు మీద తట్టాడు.

"కొడితే పెరుగుతుందేంట్రా?" అన్నాడు బావ.

దిండ్లకు ఆనించి కూర్చోబెట్టిన మనిషి సగానికి సగం తగ్గిపోయాడు. చేతులొక్కటే పాత చేతులు, వెడల్పుగా, దుప్పటి మీద ఖాళీగా ఉన్నాయి.

"ఇవాళ స్టార్ట్ చేస్తున్నా బావా. నిన్న కార్బురేటరు తీసి..."

"మళ్ళీ విప్పావూ?" బావ నవ్వబోయాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. అది ఆగేదాకా మంచం పక్కన నిలబడ్డ అక్కతో సహా ముగ్గురూ ఎదురుచూశారు.

కార్బురేటరు బిగించి, మీటరు బండిని వీధిలోకి నెట్టాడు. నాలుగిళ్ళ అవతల ప్రహరీ పక్కన ఆపి, చిటికెడు దుమ్ము తీసి వదిలాడు. గాలి ఇంటివైపు నుంచి అటు వీస్తోంది. ఇంకోసారి వదిలి చూసుకుని, కిక్కు కొట్టాడు.

లేదు. మళ్ళీ కొట్టాడు. ప్లగ్గు విప్పి చూశాడు, నిప్పు వస్తోంది. ట్యాంకులో పెట్రోలుంది. కొట్టాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఇవాళ కాకపోతే ఇక లేదు అనిపించి ఇంకా గట్టిగా కొట్టాడు.

అక్క చెంగుతో మొహం తుడుచుకుంటూ పరుగులాంటి నడకతో వచ్చింది. "ఆ చప్పుడు విని మీ బావ అడగమన్నార్రా. దానికి గాలి అందట్లేదట. గుడ్డ తీశావా అని."

మీటరు ఆమె వంక వెర్రిచూపు చూశాడు. నిన్న కార్బురేటరు తీసినప్పుడు, ఇంజనులోకి దుమ్ము పోకుండా దానికి గాలి వెళ్ళే గొట్టంలో గుడ్డ కుక్కాడు. అది లోపలికంటా జారిపోయింది, ఇతను పైన బిగించేశాడు. అన్నీ రెండేసిసార్లు చూసుకునే మనిషిని, జాగ్రత్త కోసం పెట్టిన గుడ్డే ముంచింది.

గబగబా విప్పి గుడ్డ లాగాడు. బావ పోటీల బనీను ముక్క అది, దాని మీద నంబరు సగం మిగిలుంది. "తీసుకెళ్ళి చూపించు, నవ్వుకుంటాడు," అని అక్క చేతిలో పెట్టాడు.

బిగించాక మొదటి కిక్కుకే ఇంజను అందుకుంది. పటపటమంటూ, పొడిగా, వీధి గోడలకు కొట్టుకుంటూ ఆ చప్పుడు వచ్చింది. నీలం పొగ లేచి అవతలి వైపుకే పోయింది. ఇంజను వేడెక్కి పొగ పలచబడేదాకా మీటరు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

కిటికీలోంచి అక్క ఇటు రమ్మని చెయ్యి ఊపింది. ఆపితే మళ్ళీ స్టార్ట్ అవుతుందో లేదో. ఆపకుండా తీసుకెళ్ళాలంటే ఎక్కాలి.

ఎక్కాడు. బ్రేకు చూసుకోలేదు.

కాళ్ళు ఫుట్‌రెస్టుల మీద పెట్టి నిలబడ్డాడు. బండి కదిలింది. మొక్కలకు నీళ్ళు పోస్తున్న పక్కింటాయన గొట్టం పట్టుకుని అలాగే చూస్తూ తన చెప్పులు తడుపుకున్నాడు. మీటరు గుంత దాటాడు, పగిలిన కాలువ అంచు దాటాడు. మోకాళ్ళు ఎక్కడ వంచాలో వాటికే తెలిసినట్టుంది. ఇన్నేళ్ళు చూసింది ఊరికే పోలేదు. సరిగ్గా కిటికీ ముందుకు వచ్చి లోపలికి చూశాడు. చూసినందుకు ముందు చక్రం అటూ ఇటూ ఊగింది, చటుక్కున బ్రేకు పట్టాడు. ఎడమకాలు నేలకు ఆనింది.

లోపల ఒక వెడల్పాటి చెయ్యి మెల్లగా లేచింది. బావ మొహంలో ఏ భావమూ లేదు. ఒక వేలెత్తి చూపించాడు.

మీటరు ఇంజను ఆపేసి కిటికీ ఊచలు పట్టుకుని నవ్వాడు, కళ్ళు తుడుచుకోలేదు.

"భయపడి బ్రేకు పట్టావు," అన్నాడు బావ, మాట మాటకూ ఆగుతూ. "రేపు సున్నాతో రా."

వీధి దీపాలు వెలిగే వేళకు మీటరు పెరట్లో చేతులకు సబ్బు పట్టిస్తున్నాడు. అక్క గొంతు వినబడింది. అరవలేదు. "ఒరేయ్," అంది, అంతే. నురగ చేతులతోనే లోపలికి వచ్చాడు. బావ తల కిటికీ వైపు తిరిగి ఉంది. అలవాటు చొప్పున గాజు మీద తట్టాడు. సూది సగం దగ్గర సరిగ్గానే ఉంది.

"పొగ వచ్చిందా అక్కా?"

"రాలేదురా," అంది అక్క. బావ జుట్టు సవరిస్తూ మళ్ళీ అంది, "చప్పుడొక్కటే వచ్చింది."

అతను మంచం అంచున కూర్చుని పైకే ఏడ్చాడు. బావ అరచేతి కింద ఆ బనీను ముక్క ఉంది, నంబరు పైకి కనబడేలా సాపు చేసి, ఇంకా పెట్రోలు వాసన వేస్తూ.