నీళ్లు పొయ్యడం

ముంత తోమడం అది మూడోసారి. "ఇంకొక్కసారి, కోడలా" అంది మా అత్త ఇన్నాసమ్మ, జపమాల పూసలు జరుపుతూ. చింతపండు పులుపుకి నా వేళ్లు ముడతలు పడ్డాయి. పురిటి మంచం దిగి పదిహేను రోజులే. ముంత ఎప్పుడో మెరిసింది. దాని తప్పల్లా వంటింటి ముంత కావడం, పురిటినాడు మంత్రసాని ఎస్తేరమ్మ చేతిలోకి పోవడం.

బిడ్డ నీలంగా పుట్టింది, ఏడవలేదు. ఫాదరు గారు కోట అనే ఊళ్లో ఉన్నారు. ఎడ్లబండి పోయి వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ప్రాణం పోయేటట్టుంటే ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వచ్చని మద్రాసు కాలేజీలో మదర్లు నాకు నేర్పారు. ఎస్తేరమ్మకు ఎవరు నేర్పారో. అందిన ముంతతో నెత్తిన నీళ్లు పోస్తూ, "పిత యొక్కయు, పుత్రుని యొక్కయు, పవిత్రాత్మ యొక్కయు నామమున నీకు జ్ఞానస్నానమిచ్చుచున్నాను" అంది, గొంతు వణక్కుండా. మూడో ధారకు బిడ్డ కెవ్వుమంది.

ఆ చేతులు నా ఒంట్లోకి వచ్చినప్పుడు ఎవరికీ మైల తోచలేదు. ఇప్పుడూ రోజూ పెరట్లో బిడ్డకు నీళ్లు పోసేది ఆమే. పోశాక, గుమ్మం దాటించే ముందు, మా అత్త గుడి నుంచి తెచ్చిన తీర్థం బిడ్డమీద చల్లుతుంది, సిలువ గుర్తు వేసి మరీ.

"మాలపల్లె దాని చేత జ్ఞానస్నానమంటే రెడ్లలో తలెత్తుకోగలమా?" అన్నాడు మా ఆయన రాయపరెడ్డి, నేను వడ్డించిన చేపల పులుసు కలుపుకుంటూ. "ఆదివారం ఫాదరు చేత ఇప్పిస్తాం. మనుబోలు పెద్దమ్మ జ్ఞానతల్లిగా బిడ్డను ఒళ్లో పెట్టుకుంటుంది. నువ్వు నోరు తెరవబాక."

"రెండోసారి ఇవ్వకూడదండీ. అది జన్మకు ఒకటే."

"చదువుకున్నావులే. ఉప్పు చాల్లేదు, చూడు."

అత్త నవ్వింది. "ఎస్తేరి నీళ్లు పోసిందని చెప్తే సరి. అబద్ధమా ఏంది? రోజూ పోస్తానే ఉండాది గదా!"

ఆదివారం గుడిలో ముందు మా చాపలు, వెనక వట్టి నేలమీద మాలపల్లెవాళ్లు, వాళ్లలో ఎస్తేరమ్మ. బిడ్డ మనుబోలు పెద్దమ్మ ఒళ్లో ఉంది. ఫాదరు గారు నీళ్ల గిన్నె అందుకుని అడిగారు, "ఈ బిడ్డకు ముందే ఎవరైనా జ్ఞానస్నానం ఇచ్చారా?"

"లేదు ఫాదర్. మంత్రసాని నీళ్లు పోసిందంతే" అన్నాడు మా ఆయన.

అత్త నా మోచెయ్యి గిల్లింది. ఇప్పుడు ఊరుకుంటే, రేపట్నుంచి తీర్థం చల్లే చెయ్యి నాదే.

"ఇచ్చారు ఫాదర్" అన్నాను. "ఎస్తేరమ్మా, ఆరోజు అన్న మాటలు ఇక్కడికొచ్చి చెప్పు."

ఆమె నడిచి వస్తుంటే మావాళ్లు చాపలు ముడుచుకున్నారు. అవే మాటలు, అదే గొంతుతో, చెప్పింది. ఫాదరు గారు గిన్నె కింద పెట్టేశారు. "అయితే మళ్లీ పొయ్యడానికి నాకు అధికారం లేదు."

మా ఆయన నాకోసం ఆగకుండా ఇంటికి నడిచాడు.

సోమవారం పొద్దున ఎస్తేరమ్మ పెరట్లో కాళ్లు చాపుకుని కూర్చుంది. వంటింటి ముంత తెచ్చి చేతికిచ్చాను. నీళ్లు పోసి, తుడిచి, ఎప్పటిలాగే బిడ్డను నాకు అందించబోయింది. గుమ్మంలో మా అత్త తీర్థం సీసాతో నిలబడి ఉంది.

నేను చేతులు చాపలేదు.

"నువ్వే లోపలికి ఎత్తుకురా, ఎస్తేరమ్మా" అన్నాను.