పరదా వెనక కీబోర్డు

టీవీలో నాన్న కనిపించేసరికి అమ్మ గిన్నెలు కడుగుతోంది. "వదినా, రా రా! అన్నయ్య వచ్చేశాడు!" అని బాబాయి కేకేస్తే తడి చేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది. కుర్చీలన్నీ అప్పటికే నిండిపోయాయి. నానమ్మ టీవీకి మూరెడు దూరంలో, నాన్న మధ్య కుర్చీలో కూర్చున్నారు.

అది ఇంటర్నెట్ చరిత్ర మీద తీసిన డాక్యుమెంటరీ. ముందు గదంత కంప్యూటర్లు, సముద్రం అడుగున వేసిన తీగలు చూపించారు. నెట్ చిన్న ఊళ్ళకి ఎలా చేరిందో చివరి పది నిమిషాల్లో చెబుతున్నారు. మా ఊళ్ళో మొదటి నెట్ షాపు మాదే కాబట్టి పోయిన నెల కెమెరాలతో వచ్చి వెళ్ళారు.

"ఆ రోజుల్లో లైను కలవడానికి గంట పట్టేదండీ. ఓపిగ్గా కూర్చుని కలిపేవాణ్ణి," అంటున్నాడు టీవీలో నాన్న.

కలిపింది అమ్మ. లైను కలిసే ముందు వచ్చే కీచు చప్పుడుకి నేను కడుపులో తన్నేదాన్నట.

మా షాపులో కంప్యూటర్ ఒకటే, స్క్రీన్లు రెండు. ఒకటి ముందు బల్ల మీద నాన్న దగ్గర, రెండోది పరదా వెనక అమ్మ దగ్గర. నాన్న ముందు కూడా ఒక కీబోర్డు ఉంటుంది గానీ దాని తీగ దేనికీ తగిలించలేదు. వచ్చినవాళ్ళు వివరాలు చెబుతారు. నాన్న వాటినే చెవిటివాళ్ళకి చెప్పినట్టు గట్టిగా మళ్ళీ చెబుతాడు. లోపల అమ్మ టైపు చేస్తుంది, బయట నాన్న వేళ్ళు ఆడిస్తాడు. "ఆడమనిషి కూర్చుంటే దరఖాస్తు తప్పుల్లేకుండా పోతుందని ఎవడు నమ్ముతాడు?" అని షాపు తెరిచిన రోజు తాతయ్య అన్నాడట. తాతయ్య పోయి తొమ్మిదేళ్ళయింది. పరదాలు మాత్రం మారుతూ వచ్చాయి. ఇప్పుడున్నది నేనే కుట్టాను.

"ఏదైనా టైపు చేసి చూపించండి," అంటోంది టీవీలో యాంకరమ్మ.

"అందరికీ నమస్కారం, మా షాపుకి స్వాగతం అని కొడుతున్నానండీ!" అని నాన్న గోడలు అదిరేలా చెప్పాడు. ఆ రోజు నేను లోపల అమ్మ పక్కనే ఉన్నాను కాబట్టి బయట ఏం జరిగిందో చూడలేదు. ఇప్పుడు చూశాను. 'అందరికీ' దగ్గర నాన్న రెండు చేతులూ ఎత్తి కళ్ళజోడు సరిచేసుకున్నాడు. స్క్రీన్ మీద అక్షరాలు ఆగలేదు. స్వాగతం దాకా వెళ్ళిపోయాయి.

ఎవరైనా గమనించారేమోనని చుట్టూ చూశాను.

"ఏం స్పీడు అన్నయ్యా!" అన్నాడు బాబాయి.

"చిన్నప్పట్నుంచీ అంతే. వాడి చెయ్యి ఊరుకోదు," అంది నానమ్మ.

గుమ్మంలో అమ్మ నోటికి మణికట్టు అడ్డం పెట్టుకుని చప్పుడు లేకుండా నవ్వుతోంది. నాకూ నవ్వొచ్చింది.

"ఇది చూసి జనం ఇంకా వస్తారు," అన్నాడు నాన్న సంతోషంగా. "పరీక్షలవగానే అమ్మాయిని కూడా కూర్చోబెడదాం. పరదా కాస్త వెడల్పు చేస్తే ఇద్దరూ పడతారు." నా వైపు తిరిగాడు. "నువ్వెలాగూ నలుగురిలో నోరు విప్పవు కదమ్మా. నీకు లోపలే హాయి."

ప్రేమగానే అన్నాడు. నేను తల ఊపేశాను. పై ఊళ్ళో కంప్యూటర్ చదువుకి వెళ్తానని అడగాలని నెల రోజులుగా డైరీలో రాసుకుంటున్నాను, అయినా ఊపేశాను. నాకు సిగ్గన్న మాట నిజమే. క్లాసులో హాజరు పలకడానికే నాకు గొంతు రాదు. మరి అమ్మ? అమ్మ కూడా పదహారేళ్ళప్పుడు నాలాగే ఉండేదా, లేక పదిహేడేళ్ళు పరదా వెనక కూర్చుంటే ఇలా అయ్యిందా? ఇంతవరకూ ఎవరూ అడగలేదు, నేను కూడా.

తలెత్తి చూస్తే అమ్మ నవ్వు ఆగిపోయింది. నన్నే చూస్తోంది. తర్వాత వెళ్ళి మిగిలిన గిన్నెలు కడుక్కుంది.

మర్నాడు పొద్దున్నే నన్ను కూడా షాపుకి రమ్మంది. స్టూలెక్కి పరదా కొక్కేలు ఒక్కొక్కటే విప్పింది. నేను స్టూలు పట్టుకున్నాను.

నాన్న వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఇదేంటి?"

"మురికి పట్టింది. ఉతకాలి."

"ఇవాళేనా? జనం వచ్చే రోజు!"

ఇంతలోనే రిటైరైన లెక్కల మాష్టారు మనవరాలి కాలేజీ దరఖాస్తు పట్టుకుని లోపలికొచ్చారు. "టీవీలో చూశానయ్యా, బ్రహ్మాండం!" అంటూ నాన్న ఎదురుగా కూర్చున్నారు. నాన్న అలవాటు కొద్దీ గొంతు పెంచాడు. "అమ్మాయి పుట్టిన తేదీ..." పుట్టిన తేదీ రెండు స్క్రీన్ల మీదా పడింది. మాష్టారు నాన్న చేతులు చూశారు. అవి ఒళ్ళో ఉన్నాయి. మెల్లగా అమ్మ వైపు తిరిగారు.

"ఇటు చెప్పండి మాష్టారూ," అంది అమ్మ. "నాకు బాగానే వినపడుతుంది."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి కుర్చీ ఇటు లాక్కున్నారు.

నాన్న నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి, "అది ఎప్పటికి ఆరుతుందే?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే అమ్మ టైపు చేయడం ఆపకుండా జవాబిచ్చింది. "ఆరాక చింపి మసిగుడ్డలు చేస్తాను."