ఏం గాలె తియ్

"ఏం గాలె తియ్!"

పొద్దున ఆరు కూడా కాలేదు, విమలాబాయి నోట ఆ మాట రావడం అప్పటికి మూడోసారి. మొదటిసారి పంపు స్టవ్వు భగ్గుమని లేచి కనుబొమల దాకా వచ్చినప్పుడు. రెండోసారి పట్టుకారు కనబడక పప్పుగిన్నెను కొంగుతో దించబోతే, గిన్నె ఒరిగి సగం పప్పు నేల మీద పడ్డప్పుడు. ఇప్పుడేమో తడిబండ మీద కాలు జారి, గోడ పట్టుకొని, ఎట్లాగో నిలబడ్డప్పుడు. జారింది అత్త, గుండె గుభేలుమన్నది కోడలు సుమంగళకు. విమలాబాయి మాత్రం చేతులు దులుపుకొని, ఆపిన చోటు నుంచే జొన్నరొట్టె తట్టడం మొదలుపెట్టింది. సుమంగళకు ఫక్కున నవ్వొచ్చింది.

"నేను జారితె నీకు నవ్వొస్తున్నదా పిల్లా?"

"అయ్యో, మిమ్మల్ని జూసి గాదు అత్తమ్మా. మా సారు యాదికొచ్చిండు."

"పొద్దుగాల్నే సారు యాదికొచ్చుడేంది!" అని విమలాబాయి రొట్టెను పెనం మీదికి విసిరింది.

ఆ సారు దయానంద్. తెలంగాణ సరిహద్దు దగ్గరి సర్ఖని వైపు మనిషి, పాఠం మరాఠీలో చెప్పి కోపమొస్తే తెలుగులో కసురుకుంటాడు. ఎనభై మూడులో యూనివర్సిటీవాళ్లు నాందేడ్‌లో పారిశ్రామిక భద్రత మీద ఏడాది డిప్లొమా ఒకటి కొత్తగా పెడితే, అందులో ఇరవై ముగ్గురు మగపిల్లలు చేరారు, ఒక్క సుమంగళ చేరింది. ముప్పైకి ఒకటి ఎక్కువ వయసు, పెళ్లికి ముందెప్పుడో పాసై పెట్టెలో మడిచి పెట్టిన బీఎస్సీ కాగితం, బడికి పోయే ఇద్దరు పిల్లలు. నిన్న సారు నల్లబల్ల మీద ఒక మెట్ల గోపురం గీశాడు. అన్నిటికంటే పైన ఒక చావు. దాని కింద కొన్ని దెబ్బలు. అడుగున, అన్నిటికంటే వెడల్పుగా, వందల కొద్దీ "ఏమీ కాలేదు"లు. "మనిషి పోతే పోలీసులు రాస్తరు, చెయ్యి ఇరిగితే డాక్టర్ రాస్తడు. ఏం గాలేదని దులుపుకొని పోతరు చూడుండ్రి, అది ఎవ్వడు రాయడు. అది రాసేటోడే సేఫ్టీ ఆఫీసర్," అన్నాడు. ఆ మాట అత్తగారి గొంతుతో చెవిలో వినబడి, సుమంగళ క్లాసులోనే నవ్వింది. ఇరవై ముగ్గురూ వెనక్కి తిరిగి చూశారు.

ఈ చదువుకు ఇంట్లో ఒప్పుకున్న తీరు కూడా చెప్పుకోదగ్గదే. మామగారు వెంకట్రావ్‌కు నాందేడ్‌లోనే వజీరాబాద్ బజారులో బట్టల దుకాణం. కోడలు చదువుతానన్న చదువు పేరు విని ఆయన గల్లా దగ్గర కూర్చున్నంత నిదానంగా అన్నాడు: "భద్రతనా? ఆడిమనిషికి ఇల్లే భద్రత. దానికి కాలేజ్ ఎందుకు?" భర్త నాగేశ్వర్ అంత మాట అనలేదు, మంచివాడు. "చదువుకో, నేనొద్దన్ననా? తొమ్మిదింటికి నా అన్నం డబ్బ మాత్రం దుకాణంల ఉండాలె," అన్నాడు. ఆపైన తోటి వ్యాపారులతో "మా ఇంటామెను చదివిస్తున్న" అని చెప్పుకోవడం మొదలుపెట్టాడు. నాలుగున్నరకు లేచేది ఆమె, రెండు పూటల వంట ఒక్క పూటలో దించేది ఆమె, బస్సులో నిలబడి నోట్సు వల్లెవేసేది ఆమె. చదివిస్తున్నది మాత్రం ఆయన. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా సుమంగళకు కోపం రావాలి, కానీ ముందు నవ్వొచ్చేది. నవ్వు అయిపోయాక కోపం వచ్చేది. అప్పటికి బస్సు కాలేజీ ముందు ఆగేది. పాసైతే ఎం.ఐ.డి.సి. కార్ఖానాల్లో ఉద్యోగం దొరుకుతుందని, తన పేరు ముందు ఆఫీసర్ అని రాస్తారని, ఆ ఒక్క ఆశ ఆమెను ఏడాది పొడుగునా నాలుగున్నరకు లేపింది.

పరీక్ష ఇంకా నెలరోజులుందనగా అసలు చిక్కు వచ్చిపడింది. ప్రతి విద్యార్థీ ఒక పని జరిగే చోటికి పోయి, అక్కడి ప్రమాదాలు రాసి, మార్పులు సూచించి, జాగా మాలక్‌తో, అంటే ఆ చోటి యజమానితో, 'మార్పులకు ఒప్పుకున్నాను' అని సంతకం చేయించుకొని రావాలి. ఆ రిపోర్టు లేకపోతే హాల్‌టికెట్టు లేదు. మగపిల్లలు తలా ఒక మిల్లు పట్టుకున్నారు. సుమంగళ ఊరి బయటి జిన్నింగ్ మిల్లుకు పోతే, గేటు దగ్గరే మేనేజరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"బాయీ, లోపట మిషన్లుంటయి. మీ చీర కొంగు బెల్ట్‌ల ఇరుకుతది. ఆడోళ్లను పంపితె నా నౌకరి పోతది."

గేటు సందులోంచి చూస్తే లోపల నలభైమంది ఆడవాళ్లు, నలభై చీరలు, పత్తి గంపలు మోస్తున్నారు. "మరి వాళ్లు?" అన్నది సుమంగళ.

"వాళ్లా? వాళ్లు కూలోళ్లు బాయీ," అన్నాడు అతను, ఆ కూలోళ్ల చీరలకు కొంగులే లేనట్టు.

ఇంకో రెండు మిల్లుల్లోనూ అదే కొంగు, అదే బెల్టు. మూడో రోజు బస్సులో కూర్చొని ఏడుపు ఆపుకోవడం ఆమెకు చాలా కష్టమైంది. చదవలేక ఓడిపోతే తప్పు తనదనుకునేది. చీర కట్టుకున్నందుకు ఓడిపోవడమేమిటి? ఇంట్లో అడుగుపెట్టీ పెట్టగానే ఆలస్యమైందని స్టవ్వు ముందు కూర్చొని పంపు కొట్టింది. అప్పుడే గుమ్మం బయట దగ్గు వినిపించింది. అది జలుబు చేసిన దగ్గు కాదు. ఆ ఇంట్లో ఆ దగ్గుకు ఒకటే అర్థం. మామగారు వస్తున్నారు, కోడలా, కొంగు తలమీదికి లాగు. పదేళ్ల అలవాటు కదా, కుడిచెయ్యి దానంతటదే లేచింది. నైలాన్ కొంగు గాలికి ముందుకు జారి మంట మీదుగా పోయింది. చుర్రుమని వాసన. విమలాబాయి తడిచేత్తో రెండు దెబ్బలు వేసి ఆర్పింది. అంచు జానెడు ముడుచుకుపోయి నల్లబడింది.

"ఏం గాలె తియ్," అన్నది ఆమె. మామగారు గుమ్మంలోంచి మంచినీళ్ల చెంబు అందుకొని వెళ్లిపోయాడు.

సుమంగళ ఆ నల్లబడ్డ అంచు పట్టుకొని అట్లాగే కూర్చుండిపోయింది. చీర బెల్టులో ఇరుక్కుంటుందని ముగ్గురు మగవాళ్లు మూడు గేట్లు మూశారు. ఈ వంటింటి గేటు మాత్రం పదేళ్లుగా బార్లా తెరిచే ఉన్నది. ఇక్కడికి రావద్దని ఎవరూ అనరేం? పని మొదలు తెల్లవారుజాము, పని ముగింపు అందరూ పడుకున్నాక. పనివాళ్లు ఇద్దరు. తినేవాళ్లు ఆరుగురు, పండుగకు పదిహేను. సెలవు లేదు. మంట ఉంది, ఆవిరి ఉంది, కిరసనాయిలు ఉంది, జారే బండ ఉంది, గాలి రాని గోడ ఉంది. ఒక్క రిజిస్టరు లేదు, అంతే కదా! ఆమె లేచి పాత క్యాలెండరు చించి, వెనకవైపు గీతలు గీసి, పైన రాసింది: తేదీ, ఏమైంది, ఎందుకైంది.

మొదట విమలాబాయి ఒప్పుకోలేదు. "వంటింటి ముచ్చట కాలేజ్ దాక తీస్కపోతవా? నవ్విపోతరు నన్ను." రెండో రోజు "ఏం రాసినవో సదువు" అన్నది. మూడో రోజు తనే మోచెయ్యి ముందుకు చాపింది.

"ఇదిగో, ఇది జూడు. మాహూర్ జాతరకు పోయొచ్చిన యాడాది, నూనె సిట్లింది. ఇది నీ మొగుడు పుట్టినప్పుడు, ఇరవై ఒకటో దినం పొయ్యి కాడ కూసుంటి, కట్టె ఎగిరి తాకింది. గీ పొడుగుది మా అత్త ఉన్నప్పటిది. ఎందుకైందంటె, దగ్గు ఇనబడ్డది, కొంగు గుంజుకోబోయిన."

"మీక్కూడనా అత్తమ్మా?"

"మరి? నీకొక్కదానికే దగ్గుతరనుకున్నవా?" అని ఆమె ఒళ్లంతా కదిలేట్టు నవ్వింది. ముప్పై నాలుగేళ్ల నుంచి ఆ చేతుల మీద ఉన్న మచ్చల గురించి ఒక్కరూ ఇన్ని ప్రశ్నలు అడగలేదు. ఆమె ఉత్సాహం ఎంతదాకా పోయిందంటే, నాలుగో రోజు గట్టు మీది నుంచి చెంబు పడితే "రాయ్ రాయ్, ఇది రాసుకోవే!" అని పెరట్లో ఉన్న కోడలిని కేకేసి పిలిచింది. ఎనిమిది రోజుల్లో నలభై ఆరు లెక్కతేలాయి. నలభై మూడింటి పక్కన సుమంగళ ఒకటే మాట రాసింది: ఏం గాలె.

రిపోర్టు చూసి మగపిల్లలు బెంచీలు చరిచి నవ్వారు. దయానంద్ సారు నవ్వలేదు. మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివి, "ఐతారం వస్తున్న. జాగా చూడాలె," అన్నాడు.

ఆదివారం సారు టేపు పట్టుకొని రానే వచ్చాడు. వంటిల్లు కొలిచాడు, కిటికీ లేని గోడ తట్టి చూశాడు, తడిబండ మీద తనే ఒకసారి జారి "ఏం గాలె" అనబోయి నాలుక కరుచుకున్నాడు. తర్వాత ముందుగదిలో చాయ్ తాగుతూ మార్పులు పైకి చదివాడు. స్టవ్వు నేల మీద కాకుండా గట్టు మీద పెట్టాలి. గోడకు కిటికీ కొట్టించాలి. పట్టుకారు మేకుకు వేలాడాలి. వెంకట్రావ్ అన్నిటికీ తలాడించాడు. తన ఇంటిని యూనివర్సిటీ కొలుస్తున్నదంటే ఆయనకూ కొంచెం గొప్పగానే ఉన్నది. "వంట దగ్గర నైలాన్ చీర కట్టరాదు," అని చదివితే, నైలాన్ చీరలమ్మే పెద్దమనిషి కాస్త ఇబ్బందిగా కదిలి, దానికీ సరే అన్నాడు.

"చివరిది. పొయ్యి దగ్గర పనిచేసేటప్పుడు తలమీద కొంగు కప్పుకోరాదు. నడుముకు చెక్కుకోవాలె. ఎవరు వచ్చినా, ఎవరు దగ్గినా."

వెంకట్రావ్ సంతకానికి తీసిన పెన్నుకు మూత పెట్టాడు.

"సారూ, ఇది ఇజ్జత్ ముచ్చట. ఇది కొట్టెయ్యుండ్రి, సహీ చేస్త."

నాగేశ్వర్ భార్య దగ్గరకు వచ్చి మెల్లగా అన్నాడు: "ఒక్క లైనే గద. కొట్టెయ్ సుమంగళా. పరీక్షకు కూసోవద్దా నువ్వు?"

ఒక్క లైనే. నిజమే. కొట్టేస్తే హాల్‌టికెట్టు చేతికొస్తుంది, ఏడాది చాకిరీ దక్కుతుంది, రేపెప్పుడో పేరు ముందు ఆఫీసర్ అని వస్తుంది. కానీ కళ్లముందున్న ప్రమాదాన్ని మాలక్ దగ్గాడని కొట్టేసే ఆఫీసరు ఎవరిని కాపాడుతుంది? గేటు సందులోంచి చూసిన నలభై చీరలు ఆమెకు గుర్తొచ్చాయి. తల ఎత్తి మామగారి వైపు తిరిగింది. "కొట్టెయ్యను మామా. కాలింది నా కొంగు. కాలలేదని ఎట్ల రాయాలె?"

"అయితె సహీ గూడ గాదు," అన్నాడు వెంకట్రావ్. సారు నిట్టూర్చి కాగితాలు సర్దబోయాడు. సుమంగళ కళ్లు నిండిపోయాయి. ఏడాదంతా అక్కడికక్కడ అయిపోయినట్టే అనిపించింది.

అప్పుడు వంటింటి గుమ్మంలోంచి విమలాబాయి గొంతు. "సారూ, ఆ కాయితం మీద ఏం రాసున్నది? ఎవల సహీ గావాలె?"

"జాగా మాలక్‌ది అమ్మా."

"ఏ జాగ?"

"వంటిల్లు."

"అట్ల జెప్పుండ్రి మరి!" అని ఆమె చేతులు తుడుచుకుంటూ ముందుగదిలోకి వచ్చింది. "ముప్పై నాలుగేండ్ల సంది ఉప్పు ఎక్కువైనా, పాలు ఇరిగినా, చుట్టాలకు రొట్టె తక్కువైనా, 'నీ వంటిల్లు, నాకేం తెల్సు' అంటున్నడు గీయన. అడుగుండ్రి, అన్నడా లేదా?"

వెంకట్రావ్ ఖాళీ చాయ్ కప్పు ఎత్తి తాగబోయాడు. సారు మీసాల చాటున నవ్వుకుంటూ కాగితం ఆమె ముందుకు జరిపాడు. విమలాబాయి భర్త చేతిలోంచి పెన్ను తీసుకొని, మూత తీసి, కింద కూర్చొని, ఒక్కొక్క అక్షరం ఒత్తి ఒత్తి రాసింది: వి, మ, లా, బా, యి. వంగి రాస్తున్నప్పుడు తల మీది కొంగు జారి భుజం మీద పడింది. ఆమె దాన్ని పట్టించుకోలేదు. నాగేశ్వర్ తల్లి తలను చూసి, ఎప్పుడు ఇంతగా నెరిసిందా అని ఆశ్చర్యపోయాడు.

హాల్‌టికెట్టు తర్వాతి సోమవారమే వచ్చింది. ఆ మర్నాడు పొద్దున స్టవ్వు గట్టెక్కి ఉన్నది. సుమంగళ నూలు చీర కొంగు నడుముకు చెక్కుకొని చారు కలుపుతుంటే గుమ్మం బయట దగ్గు వినబడింది. కుడిచెయ్యి లేచింది. సగం దూరం పోయి ఆగింది. మళ్లీ వచ్చి గరిటె పట్టుకుంది. బయట రెండోసారి, ఇంకాస్త గట్టిగా దగ్గు. చారు తెర్లుతున్నది. మూడో దగ్గు రాలేదు. వెంకట్రావ్ గుమ్మంలోకి వచ్చి, ఎటో చూస్తూ, చెంబు అందుకొని వెళ్లిపోయాడు.

విమలాబాయి తల తిప్పకుండానే రొట్టె తట్టుతూ అన్నది:

"రాసుకో పిల్లా. మీ మామ రెండుసార్లు దగ్గిండు, కొంగు ఎక్కలె. పక్కకు ఏం రాస్తవో ఎరికే గద? ఏం గాలె!"