పావు తక్కువ, సగం తక్కువ

రేపు ఉదయం దివ్యశ్రీకి గురుకుల పరీక్ష. ఎనిమిదో తరగతిలో మిగిలిన సీట్లు కొన్నే. సీటొస్తే నా మనవరాలు జూన్‌లో హాస్టల్‌కు వెళ్ళిపోతుంది. రాకపోతే మా అమీర్‌పేట గదుల్లోనే, నా పక్కనే పడుకుంటుంది. కొడుకూ కోడలూ పంజాగుట్టలో ఒకే ఆసుపత్రిలో పనిచేస్తారు, షిఫ్టులు వేరు. చదువు చెప్పే తీరిక ఇద్దరికీ లేదు. అందుకని నేను కూర్చున్నాను.

పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగు. అది ఆ పేజీ చదువుతుంది, నేను ఈ పేజీ. అకరణీయ సంఖ్యలు. బస్సుల బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకున్నదాన్ని, ఒక్కో వాక్యం రెండుసార్లు చదివితే గాని తలకెక్కదు. మధ్యాహ్నం నుంచి కళ్ళు మండుతున్నాయి.

మైనస్ ఒకటి బై రెండు, మైనస్ ఒకటి బై నాలుగు: ఏది పెద్దది? మొదటిదని రాసింది. సగం పావుకంటే పెద్దదే గదా అంది. అదే లెక్కన కిందివి పది చేసింది. పదీ తప్పు. నాకు తెలుసు. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో పన్నెండేళ్ళు వండాను. బియ్యం పావుకిలో తక్కువైన రోజుకూ అరకిలో తక్కువైన రోజుకూ తేడా నాకెవరూ చెప్పనక్కర్లేదు.

తప్పని చెప్పలేదు. గ్లాసులు కడగడానికి లేచాను. మా ఆయన ఆసుపత్రికి వెళ్ళిన ఆటో, పెద్దమ్మాయి కాపురానికి వెళ్ళిన జీపు, అన్నీ నేను గుమ్మంలో నిలబడి పంపినవే. ఇంకొకటి నావల్ల కాదనిపించింది. కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగాను.

"నానమ్మా, మస్తు ఈజీగున్నయ్. సార్ చెప్తే సమజ్ గాలె, నువ్వు పక్కకుంటే అయితున్నయ్," అంది లోపలి నుంచి.

చేతులు తుడుచుకుని వచ్చి కూర్చున్నాను.

"అన్నీ తుడిచెయ్ బిడ్డా. మైనస్ అంటే తక్కువవడ్డది. పావుకిలో తక్కువవడితే నయమా, అరకిలో తక్కువవడితే నయమా?"

"పావు."

"మరి నయమున్నదే పెద్దది."

"గంతేనా? ముందే చెప్పొచ్చు గద, ఇన్ని రాపిచ్చినవ్," అని విసుక్కుంటూ రబ్బరు తీసుకుంది.

ఈసారి పదీ సరిగ్గా వచ్చాయి. ఇంకో పేజీ చేస్తానంది. అవీ వచ్చాయి.

ఆరింటికి నా కొడుకు నరేశ్ ఫోన్ చేసి ఎట్లా చదువుతోందని అడిగాడు. బాగానే అన్నాను. పెట్టేయబోతుంటే ఆపాను.

"వచ్చేటప్పుడు జర తాళమేసే పెట్టె ఎక్కడన్న చూసి రారా. హాస్టల్ల పెట్టె ఉండాలె."

"రిజల్ట్ రానియ్యే అమ్మా. గప్పుడే ఎందుకు?"

"వస్తది," అన్నాను.