కఫం డబ్బా

పొద్దున్నే నా మొదటి పని మామ కఫం డబ్బా కడగడం. పాత పాలపొడి డబ్బా, అడుగున బూడిద. పచ్చగా, ఒక్కోరోజు నెత్తుటి చారతో, జిగురుగా పట్టుకుని ఉంటుంది. పుల్లతో గీకి, గుంటలో వేసి, మట్టి కప్పి వస్తాను. నేను బిడ్డను కని ఎనిమిది రోజులైంది. పురుటి మైల అని అత్త నన్ను వంటింటి గడప తొక్కనివ్వదు, నీళ్ళ కుండ ముట్టనివ్వదు. ఈ డబ్బాకు మాత్రం నా మైల అడ్డం రాలేదు.

అది పొగ దగ్గేలే అంటాడు మా ఆయన ఆదెన్న. మొన్న జొన్న మూటల వెనక క్షయ మాత్రల అట్ట కనబడేదాకా నేనూ నమ్మాను. ఆరు నెలలు మింగాల్సినవి, ఒళ్ళు తేలికైందని మామ రెండు నెలలకే మానేశాడట. నిలదీస్తే ఆదెన్న గొంతు తగ్గించాడు.

"ఊర్లో తెలిస్తే మన పాలు ఎవురు పోయించుకుంటారు? నోరు మూసుకోని ఉండు."

నోరు మూసుకున్నాను. అట్టను మాత్రం కొంగున ముడేసుకున్నాను.

కాన్పైన ఆసుపత్రిలో బిడ్డకు క్షయ టీకా వేయలేదు. ఒక్కరి కోసం సీసా తెరిస్తే మిగతాది పారబోయాలి, బుధవారం మీ ఊరి అంగన్‌వాడీలో వేస్తారన్నారు. ఈరోజే బుధవారం. పదకొండో రోజు పురుడు తీరేదాకా బిడ్డ గడప దాటకూడదని అత్త పట్టు. నర్సు కృపాకుమారి వాకిట్లోకి వచ్చి పిలిస్తే, అత్త బిడ్డకు జ్వరమని అబద్ధమాడి పంపేసింది. ఇంకా కడగని డబ్బాతో పక్కనే నిలబడి విన్నాను. లోపల మామ బిడ్డను ఒళ్ళో వేసుకుని, మొహం మీదే దగ్గుతూ ముద్దులాడుతున్నాడు. ఆయన ఎత్తుకుంటే తప్పులేదట, తలకు పోసుకుంటే మైల పోతుందట. ఇన్నాళ్ళు గీకిన కఫం మీద కూడా ఇంత రోత పుట్టలేదు.

డబ్బా మూత బిగించి, మామ ఒళ్ళోంచి బిడ్డను ఒంటిచేత్తో ఎత్తుకున్నాను. ఆదెన్న గడపకు అడ్డం నిలబడ్డాడు.

"యాడికి పోతాండావ్?"

డబ్బా ఆయన ముందుకు చాపాను. "పొగ దగ్గే కదా, పట్టుకో."

రెండడుగులు వెనక్కి వేశాడు. డబ్బా ఆయన కాళ్ళ దగ్గరే దించి, ఆ సందులోంచే బయటికి వచ్చాను. బోరింగు దగ్గర చేతులు రుద్ది కడుక్కుని, అంగన్‌వాడీలో కృపాకుమారి ముందు కొంగు ముడి విప్పి, ఆ అట్ట బల్ల మీద పెట్టాను.

"బిడ్డకు జరం లేదక్కా. టీబీ ఉండేది మా మామకు. ఆయప్ప పేరు రాసుకో. ముందు నా బిడ్డకు సూది ఎయ్యి."